పానా మేస్త్రి పరీక్ష

జనవరి 11

మావయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు, నేను అరుస్తాను, మా హాస్టల్లో నాలుగు గదుల వాళ్ళకి మన ఇంటి సంగతులన్నీ తెలిసిపోతాయి. ముప్ఫై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు మరి, వాటిని అని ఏం లాభం. అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువుకో. అత్తకీ చదివి వినిపించు, కాకపోతే మధ్యలో నీ సొంత మాటలు కలపకు.

ట్రైనింగ్ సగం అయింది. ఎలక్ట్రిక్ కారు కింద దూరి బయటికొస్తే చొక్కా మీద ఒక్క నూనె మరక ఉండదు. నాకే నమ్మకం కుదరడం లేదు, పని చేశానా లేదా అని. కింద అంతా నారింజ రంగు కేబుళ్ళు. ఆ రంగు కనపడితే చెయ్యి వెనక్కి తీసుకోవాలని మొదటిరోజే చెప్పారు. నాలుగు వందల వోల్టులు. మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు వేసుకుంటాం. పని చేసే మనిషి వెనకాల ఇంకొకరు పొడవాటి కొక్కెం కర్ర పట్టుకుని కాపలా నిలబడతారు. షాకు కొడితే ఆ కర్రతోనే లాగాలి. చేత్తో పట్టుకుంటే ఇద్దరూ పోతారు. మొన్న నాకు కాపలాగా నిలబడ్డ పిల్ల అంతసేపూ ఆవలిస్తూనే ఉంది. నా ప్రాణాలు ఆ ఆవలింతల మధ్య వేలాడాయి.

నీకు చెప్పాల్సింది ఇంకోటి ఉంది. మొన్న ఊరికి వచ్చినప్పుడు చూశాను. బస్టాండు పక్కన ఉన్న రెండు చార్జింగ్ పాయింట్లలో ఒకటి చచ్చి పడి ఉంది. రెండోదాని ముందు ఏడు కార్లు. ఒకావిడ కార్లోనే టిఫిన్ డబ్బా విప్పుకుని తింటోంది. ఇన్ని బళ్ళు వచ్చాయి, బాగుచేసే మనిషి మాత్రం ఊళ్ళో లేడు. చిన్న పని ఉన్నా ఈ నగరం దాకా రావాల్సిందే.

కాబట్టి నువ్వు షెడ్డు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టు. మార్చికల్లా నేను వచ్చేస్తాను. ఆ పాత ఇంజన్లూ గేరుబాక్సులూ ఇంకెందుకు? నేల పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఇనప ముక్క కనపడకూడదు.

నీ మేనకోడలు,
చేతికి మసి అంటని మెకానిక్


ఫిబ్రవరి 2

అమ్మడికి మావయ్య దీవెనలు. మీ అత్త తన దీవెనలు విడిగా పంపుతుందట, నా వాటిలో కలపొద్దంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. షెడ్డు ఖాళీ చెయ్యమన్నావు. సరే. చదువుకున్నదానివి, ఆలోచించే రాసి ఉంటావు. బడి వదలగానే పుస్తకాల సంచి విసిరేసి నువ్వు పానాలు గోడకి సైజుల వారీగా పేర్చి పెట్టిన షెడ్డు అది. పన్నెండో నంబరు ఎక్కడుందని నేను వెతుక్కుంటుంటే కళ్ళు మూసుకుని తీసిచ్చేదానివి. నాకు పానా మేస్త్రి అని పేరొచ్చిందే ఆ గోడ చూసి. ఇప్పుడది పాత ఇనుమైతే అయింది. కాలం మారింది, నేను కాదనను.

నిజానికి పని కూడా తగ్గింది. పోయిన వారం మొత్తానికి రెండు పెట్రోలు కార్లు, ఒక జనరేటరు. మన బుర్రమీసాల డ్రైవరు గుర్తున్నాడుగా, తొమ్మిదేళ్ళు నా చేతి మీద నడిచిన టాక్సీ అతనిది. అది అమ్మేసి ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. నా ముందు నుంచే వెళ్తాడు, తల అటు తిప్పుకుని. చప్పుడు చేస్తూ వెళ్ళినా బాగుండేది. సద్దు లేకుండా జారుకుంటుంటే ఇంకా చిన్నతనంగా ఉంటోంది.

సోమవారం ఒకాయన టేపు పట్టుకుని వచ్చాడు. షెడ్డు ముందు జాగా అంతా కొలుచుకున్నాడు, ఫోటోలు తీసుకున్నాడు. ఆయన చెప్పినవాటిలో సగం వినపడలేదు కానీ మీ అత్త పక్కనుండి కాగితం మీద రాసి చూపించింది. మాట ఇచ్చేశాను. నువ్వు కోరినట్టే అవుతుందిలే.

ఆరోగ్యం జాగ్రత్త. ఆవలించే పిల్లని మార్చమని అడుగు.

మావయ్య


ఫిబ్రవరి 19

మావయ్యా,

మాట ఇచ్చేశావా. నన్ను ఒక్క మాట అడక్కుండా.

నా ఉద్దేశంలో ఖాళీ చెయ్యమన్నది ఎడమవైపు భాగం. కారు ఒకటి పట్టేంత. పనికోసం. షెడ్డు మొత్తం ఖాళీ చేసి ఎవరికో అప్పగించమని నేనెందుకు రాస్తాను? ఆ గోడ మీది పానాల మాట ఎత్తి నన్ను పొడిచావు, సంతోషం. రెండు రోజులు క్లాసులో ఏం చెప్పారో నా తలకెక్కలేదు.

ఇక్కడ మాకు పాఠం చెప్పే ఆవిడని పెద్ద మేస్త్రమ్మ అంటాం. ఆవిడ నెల రోజులుగా ఇక్కడే ఉద్యోగంలో చేరమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. లేదండీ, మా మావయ్య షెడ్డుంది, వెళ్ళిపోతాను అంటూ వచ్చాను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు వెళ్ళి సంతకం పెట్టేశాను. రెండేళ్ళు. మధ్యలో మానడానికి లేదు.

అత్తని అడిగానని చెప్పు.


మార్చి 5

అమ్మడూ,

షెడ్డు అమ్మానని నీకెవరు చెప్పారు?

నా ఉత్తరం నకలు నా దగ్గర లేదు కానీ మీ అత్త మాత్రం ఒంటికాలి మీద లేచింది. "మీరేం రాశారో నాకు తెలుసు, ఉడుక్కుంటూ రాశారు, ఉడుక్కుంటే మీకు సగం మాటలు కడుపులోనే ఉండిపోతాయి" అంది. ఉండిపోయాయి, నిజమే. అవి ఇప్పుడు రాస్తున్నాను.

టేపు పట్టుకుని వచ్చినాయన చార్జింగ్ స్టేషన్లు పెట్టే కంపెనీ తరపు మనిషి. మన షెడ్డు ముందు జాగాలో నాలుగు పాయింట్లు పెడతారట. కారు చార్జి అయ్యేలోపు లోపల సర్వీసు చేసుకోవచ్చు. నువ్వు కోరినట్టే అవుతుందని రాసింది అందుకు. ఒకటే షరతు. ఎలక్ట్రిక్ బళ్ళ పనిలో సర్టిఫికెట్టున్న మనిషి ఒకరు అక్కడ ఉండి తీరాలి. జూన్ ఒకటిలోపు చూపించకపోతే రోడ్డవతల కార్లు నిలిపే స్థలం వాళ్ళకి ఇచ్చేస్తారు. నేను నీ పేరు రాసి ఇచ్చాను.

ఇప్పుడు నువ్వు రెండేళ్ళకి సంతకం పెట్టావు. తప్పు నాదే. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు షెడ్డు తలుపు కూడా తియ్యలేదు.

మూడోరోజు బుర్రమీసాల డ్రైవరు వచ్చాడు, నేల చూపులు చూస్తూ. కారు నడుస్తుంటే కింద గుర్రుమంటోందట. నగరంలో చూపిస్తే మోటారు మొత్తం మార్చాలన్నారట. "నీకు ఇవి తెలియవని తెలుసు మేస్త్రీ, అయినా ఒకసారి చూడు" అన్నాడు. నారింజ రంగు దేన్నీ ముట్టుకోనని ముందే చెప్పాను, నువ్వు రాసింది గుర్తుంది. చక్రాలు పైకి లేపి ఒక్కొక్కటీ చేత్తో తిప్పించాను. పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇరుసు మీద ఆనించి పిడి దవడకి పెట్టుకున్నాను. చెవి పోయినా ఎముక వింటుంది కదా. మూడు చక్రాలు నున్నగా తిరిగాయి. వెనక కుడి చక్రం పళ్ళలోకి ఇసక పోసినట్టు వినిపించింది. బేరింగు. మార్చాను. గంటన్నర పని. మోటారుకి ఏ రోగమూ లేదు.

నడిపి చూసి వచ్చి, "ఇన్నాళ్ళూ తల తిప్పుకుని పోయాను" అన్నాడు. టీ తెప్పించాను.

ఆ సాయంత్రం మీ అత్తకి చెప్పాను. సర్టిఫికెట్టున్న మనిషి కావాలి, అంతే కదా. ఆ మనిషి నేనే అవుతాను. మీ సంస్థలో పదేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్కులకి నేరుగా పరీక్ష రాసే వీలుందట, మే రెండున. దరఖాస్తు పంపించాను. యాభై ఎనిమిదేళ్ళ వాడు రాయకూడదని అందులో ఎక్కడా లేదు, వెతికి చూశాను.

పుస్తకాలు పంపు.

మావయ్య


మార్చి 20

మావయ్యా,

నీ ఉత్తరం వర్క్‌షాపులో చదివాను. గుర్రుమన్న చక్రం దగ్గరికొచ్చేసరికి గట్టిగా నవ్వేశాను, అందరూ చూశారు. పెద్ద మేస్త్రమ్మ ఏమిటని అడిగితే చదివి వినిపించాను. "ఆయన చెప్పింది సరిపోయింది. మోటారు మార్చమన్నది ఎవరో కనుక్కో" అంది. అది మావాళ్ళు కాదని తేలాక నాకు గుండె కుదుటపడింది.

పుస్తకాలు మూడు పంపుతున్నాను. నీలం అట్ట ఉన్నది ముందు చదువు. ఒక్క విషయం మాత్రం నవ్వకుండా రాస్తున్నాను. బేరింగు వేరు, బ్యాటరీ వేరు. ఇంజను దగ్గర తప్పు చేస్తే వేలు చితికేది, గీరుకునేది. ఇక్కడ తప్పు చేస్తే తెలిసేలోపు మనిషి ఉండడు. మా సీనియరు ఒకతని కుడిచెయ్యి చూస్తే నువ్వు దరఖాస్తు వెనక్కి తీసుకుంటావు. తాళం తీసి దూరంగా పెట్టడం, బ్యాటరీ కరెంటుని తెంపే సర్వీస్ ప్లగ్గు పీకడం, పది నిమిషాలు ఆగడం, అప్పుడు మీటరు పెట్టి కరెంటు లేదని చూసుకోవడం. ఈ వరస నీకు నీ పేరంత నోటికి రావాలి. తొందర పడకు. నీకు తొందరెక్కువ.

ఇంకోటి. చెప్పక తప్పదు. ప్రాక్టికల్ పరీక్షలో వెనక కాపలా ఉన్న పరీక్షకుడు "ఆగు" అంటాడు, ఏ క్షణాన్నైనా. అనగానే చేతులు పైకెత్తాలి. ఎత్తకపోతే అక్కడితో ఫెయిలు. నీ చెవుల సంగతి చెప్పి వేరే సంకేతం ఇవ్వమని అడిగాను. ఆఫీసులో నీళ్ళు నమిలారు. పెద్ద మేస్త్రమ్మ కూడా, "ప్రమాదం వస్తే వినపడని మనిషిని ఆ పని దగ్గర ఎలా నిలబెడతాం?" అంది. ఆవిడ చెడ్డది కాదు. దీనికి నీ దగ్గర జవాబుందా?

మేనకోడలు


ఏప్రిల్ 14

అమ్మడికి,

పుస్తకాలతో పాటు నువ్వు పంపిన ప్రశ్నలకి జవాబులు వేరే కాగితం మీద రాసి పెట్టాను. నాలుగోది నాకు అర్థం కాలేదు, అందుకని దానికే ఎక్కువ రాశాను.

ఇంట్లో పరిస్థితి చెబుతాను. పొద్దున్నే అయిదింటికి లేచి చదువుతున్నాను. పేజీ తిప్పేసరికి వెనక పేజీ మర్చిపోతున్నాను. మొదటి మాదిరి పరీక్షలో నూటికి ముప్ఫై ఒకటి వచ్చాయి. దిద్దింది మీ అత్త, కనికరం లేని మనిషి. పుస్తకం అటకెక్కిద్దామనుకున్నాను. టేపు మనిషి కూడా మళ్ళీ వచ్చి, "ఈ వయసులో మీకెందుకండీ శ్రమ, మీ మేనకోడలు రాకపోతే చెప్పెయ్యండి, అవతలి వాళ్ళకి ఇచ్చేస్తాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. రెండో పరీక్షలో యాభై ఎనిమిది. నిన్నటి దాంట్లో డెబ్బై తొమ్మిది.

ఎడమవైపు భాగం ఖాళీ చేశాను, నేల రెండుసార్లు కడిగించాను. అక్కడ పాత కారు ఒకటి నిలబెట్టి, నీటి గొట్టాలకి నారింజ రంగు వేసి కింద కట్టుకున్నాను. మీ అత్త కర్టెన్ కర్ర పట్టుకుని వెనకాల కాపలా. మొదటిరోజు "ఆగు" అని నాలుగుసార్లు అరిచిందట. నా మానాన నేను బోల్టు విప్పుతూనే ఉన్నాను. అయిదోసారి అరవలేదు. లోపలికెళ్ళి కర్టెన్ నాడా ఊడదీసి తెచ్చింది. ఒక కొస నా నడుముకి కట్టింది, రెండో కొస తన చేతిలో పట్టుకుంది. "లాగితే ఆగండి" అంది. అంతే. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు. జనరేటరు ఆన్ చేసి, ఎవరి మాటా ఎవరికీ వినపడని మోతలో కూడా చేసి చూశాం. తప్పలేదు.

మీ మేస్త్రమ్మ అడిగినదానికి జవాబు అదే అనుకుంటున్నాను. ఒప్పుకుంటారో లేదో. నాడా వెంట తెచ్చుకుంటాను.

బస్సు టికెట్టు తీసుకున్నాను. నాకు భయంగా ఉంది. మీ అత్తకి చెప్పలేదు.

మావయ్య


మే 6

మావయ్యా,

ఫలితం నాలుగురోజుల దాకా రాదంటే బస్సెక్కి వెళ్ళిపోయావు. ఆగమంటే ఆగలేదు. అనుభవించు మరి, ఉత్తరం వచ్చేదాకా.

బంధువునని నన్ను పరీక్ష జరిగే చోటికి రానివ్వలేదు. బయట మెట్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. లోపల ఏం జరిగిందో నువ్వు నాకు చెప్పింది ఒక్క ముక్క: "ఏదో చేశాను." పెద్ద మేస్త్రమ్మ ఈరోజు అంతా చెప్పింది.

ముందు నీ నాడా తీసి పరీక్షకుడి చేతికిచ్చావట. నాకు వినపడదు, లాగితే ఆగుతాను అన్నావట. ఆయన పెదవి విరిచి, సరే చూద్దాం అని, పక్కన కంప్రెసరు ఆన్ చేయించాడు. మూడుసార్లు లాగాడు. మూడుసార్లూ రెప్పపాటులో చేతులు పైకెత్తావు. తర్వాత చెవులు బాగున్న అభ్యర్థులకి కూడా ఆ మోతలోనే "ఆగు" అన్నాడట. నలుగురికి వినపడలేదు.

తర్వాత మీటరు. కావాలనే లోపల వైరు తెగిన మీటరు ఇస్తారని నీకు తెలియదు, చెప్పడానికి నాకు అనుమతి లేదు. బ్యాటరీ మీద పెడితే ఎప్పుడూ సున్నానే చూపిస్తుంది. సున్నా చూసి కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టినవాళ్ళు ఫెయిలు. పదకొండు మందిలో తొమ్మిదిమంది నమ్మారు. నువ్వు ముందు దాన్ని పక్కనున్న, పనిచేస్తున్న మామూలు చిన్న బ్యాటరీ మీద పెట్టావట. అక్కడా సున్నానే. మీటరు కింద పెట్టేసి చేతులు కట్టుకుని నిలబడ్డావట. ఏమైందని అడిగితే, "పెట్రోలు ముల్లు సున్నా దగ్గరుంటే ట్యాంకు ఖాళీయో ముల్లు చెడిందో ముందు చూసుకుంటాం కదండీ. ఇది చెడింది. వేరేది ఇప్పించండి" అన్నావట.

మావయ్యా, మార్చిలో నేను ఆ మీటర్నే నమ్మాను. రెండోసారి పరీక్ష రాసి గట్టెక్కాను. నీకు చెప్పలేదు, సిగ్గేసి.

రాతపరీక్షలో ఎనభై నాలుగు. ప్రాక్టికల్లో అందరికంటే ఎక్కువ నీకే. సర్టిఫికెట్టు ఈ కవర్లోనే ఉంది, నలగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టాను. ఇక్కడ వర్క్‌షాపులో నిన్నటి నుంచి అందరి నడుముకీ తాళ్ళు కడుతున్నారు. పెద్ద మేస్త్రమ్మే కొని తెచ్చింది. "మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు రాయి" అంది. ముందు అత్తకి, తర్వాత నీకు. వరస అదే, నేను మార్చలేదు.

ఇక నా సంగతి. రెండేళ్ళకి సంతకం పెట్టింది కోపంలోనే. కానీ ఇక్కడ బ్యాటరీ లోపల విప్పి బాగుచేసే విభాగంలో వేశారు, దేశంలో ఇంత పెద్దది ఇంకోటి లేదంటారు. నాకు ఇష్టంగా ఉంది. నువ్వు ఏమైనా అనుకుంటావేమోనని ఇన్నాళ్ళూ రాయలేదు.

నీ మేనకోడలు


జూన్ 3

అమ్మడూ,

సర్టిఫికెట్టు కవరు పోస్టుమాన్ ముందే చింపాను. మీ అత్త చదివింది, నేను విన్నాను. నిజంగానే విన్నాను, అంత గట్టిగా చదివింది. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. తర్వాత మీ అత్త వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వెళ్ళి చూస్తే గిన్నెలు తోముతోంది, తోమిన గిన్నెలనే మళ్ళీ తోముతోంది.

నువ్వు అక్కడే ఉండు. రెండేళ్ళూ ఉండి పూర్తిగా నేర్చుకో. నేనేమైనా అనుకుంటానని ఎలా అనుకున్నావు? నీ ఉత్తరాలు ముందేసుకుని, నేను రాసినవి గుర్తు తెచ్చుకుంటే ఒకటి తెలిసింది. ఎవరికి వాళ్ళం అవతలి మనిషి ఏమనుకుంటారో ముందే అనేసుకుని, దానికి జవాబు రాశాం. ఇకమీదట ఏమైనా ఉంటే అడిగేద్దాం.

టేపు మనిషికి సర్టిఫికెట్టు చూపించాను. రెండు వైపులా తిప్పి చూసి, లేచి నిలబడి చెయ్యి కలిపాడు. ఇరవై రోజుల్లో తవ్వకం, కేబుళ్ళు, నాలుగు పాయింట్లు, పైన రేకు కప్పు, అన్నీ అయిపోయాయి. నిన్న మొదలైంది. రిబ్బను కత్తిరించమని నన్ను అడిగితే కత్తెర మీ అత్తకిచ్చాను. మొదటి ప్లగ్గు కూడా తనే పెట్టింది, ఇంటింటికీ తిరిగి మందులిచ్చే నర్సమ్మ కారుకి. స్క్రీన్ మీద పచ్చగీత పైకి పాకుతుంటే టాక్సీవాళ్ళు చప్పట్లు కొట్టారు. నన్ను మాట్లాడమని పిలిచారు. "రండి, బళ్ళు పెట్టుకోండి" అని దిగిపోయాను.

మొదటి రోజే ఇరవై ఆరు కార్లు. చార్జింగుకి వచ్చినవాళ్ళలో తొమ్మిదిమంది సర్వీసుకి దించారు. నాలుగింటికి బ్రేకులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. ఈ బళ్ళలో వేగం తగ్గించే పని సగం మోటారే చేస్తుంది, బ్రేకులు వాడక మూలపడతాయి. ఆ పని నా చేతిలో ఉన్నదే. నీకు రాసినంతసేపు కూడా పట్టలేదు. బస్టాండు దగ్గర చచ్చి పడున్న పాయింటుని కూడా చూడమని కంపెనీవాళ్ళు అడిగారు. పొద్దున వెళ్ళాను, మీ అత్త వెనకాల నిలబడింది. లోపల నీరు చేరి కాంటాక్టులు మాడిపోయాయి. మార్చాం. ఎనిమిది నెలల తర్వాత దీపం వెలిగింది.

ఇంకా చాలా రాద్దామనుకున్నాను. కుదిరేలా లేదు. మీ అత్త కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. నాలుగు పాయింట్లూ నిండాయి, అయిదో కారు రోడ్డు మీద లైటు వేసుకుని నిలబడింది, దాని వెనక ఆరోది మలుపు తిరుగుతోంది. వెళ్తున్నాను.

మావయ్య